రాస్తాఫరీలు బైబిల్‌ను ఎలా చదువుతారు?

ప్రశ్న: మా కాలేజీలో బాబ్ మార్లీ బొమ్మ ఉన్న చొక్కాలు చాలామంది వేసుకుంటారు. ఆయనది రాస్తాఫరీ మతమనీ, వాళ్ళు ఇథియోపియా చక్రవర్తిని దేవుడిగా కొలుస్తారనీ, అయినా వాళ్ళ చేతిలో ఉండేది బైబిలేననీ చదివాను. మరి వాళ్ళు క్రైస్తవులేనా?
— డిగ్రీ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఆ ప్రశ్నే వాళ్ళను అడిగితే చాలామంది రాస్తాలు కాదనే అంటారు. అలాగని బైబిల్‌ను పక్కన పెట్టి చూస్తే వాళ్ళ మాటగానీ పాటగానీ ఒక్కటీ అర్థం కాదు. ఈ రెండూ ఎలా పొసిగాయో తెలియాలంటే 1930ల నాటి జమైకా పరిస్థితి కొంత తెలియాలి.

అప్పటికి జమైకా బ్రిటిష్ వలస. బానిసత్వం 1838 నాటికే పూర్తిగా రద్దయినా, చెరకు తోటల భూముల్లో అధికభాగం దొరల చేతుల్లోనే ఉండిపోయింది; ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన బానిసల మునిమనవలు ఆ తోటల్లో కూలీలుగానే మిగిలారు. నల్లవాళ్ళు తమ పుట్టుక గురించి సిగ్గుపడకూడదనీ, ఆఫ్రికా వైపు చూడాలనీ మార్కస్ గార్వే 1914లో కింగ్‌స్టన్‌లో ఒక సంఘం స్థాపించి చెబుతూ వచ్చాడు. ఆ మాటలు జనంలో నానుతున్న కాలంలో, 1930 నవంబరు 2న, అడిస్ అబాబాలో రాస్ తఫారి మకొన్నెన్ అనే పాలకుడు హైలే సెలాసీ అనే పేరుతో ఇథియోపియా సింహాసనం ఎక్కాడు. సొలొమోను, షేబ రాణుల సంతతి అని చెప్పుకునే ఆ వంశానికి 'రాజులకు రాజు', 'యూదా గోత్రపు సింహం' అనే బిరుదులు పరంపరగా ఉన్నాయి. ఇంగ్లండు రాజు ఐదవ జార్జి కొడుకు కూడా ఆ పట్టాభిషేకానికి అతిథిగా వెళ్ళాడు. దినమూ బైబిల్ చదివే జమైకా పేదలకు ఆ బిరుదులు కొత్తవి కావు. ఏడు ముద్రలు వేసిన గ్రంథాన్ని విప్పడానికి యోగ్యుడు యూదా గోత్రపు సింహమేనని ప్రకటన గ్రంథం ఐదవ అధ్యాయం చెబుతుంది. పత్రికలో ఫొటో చూసినవాళ్ళు ఇంటికి వెళ్ళి ఆ అధ్యాయం తెరిచారు.

ఆ రెండింటినీ కలిపి ఊరూరా ప్రకటించినవాళ్ళలో లెనార్డ్ హౌవెల్, జోసెఫ్ హిబ్బర్ట్, ఆర్చిబాల్డ్ డంక్లీ, రాబర్ట్ హైండ్స్ ముఖ్యులు. మన రాజు ఇంగ్లండులో లేడు, ఇథియోపియాలో ఉన్నాడని చెబుతూ, చక్రవర్తి ఫొటోలు పంచిపెట్టిన హౌవెల్‌పై 1934లో రాజద్రోహం కేసు నడిచి రెండేళ్ళ జైలు పడింది. ఒక రాజుకు పన్ను కడుతూ మరొక రాజును దేవుడంటే ఏ వలస ప్రభుత్వమూ ఊరుకోదు గదా! ఇంకొక విచిత్రం ఏమిటంటే, రాస్తాలు ప్రవక్తగా ఎంచే గార్వే స్వయంగా రాస్తా కాదు. ఇథియోపియాపై ఇటలీ దండయాత్ర తరువాత హైలే సెలాసీని ఆయన ఘాటుగా విమర్శించాడు. ఆ విమర్శ రాస్తాలకు తెలియక కాదు. ప్రవక్తకు తన ప్రవచనం పూర్తిగా అర్థం కానక్కరలేదు అన్నది వాళ్ళ సమాధానం.

ప్రశ్న: నేను నలభై ఏళ్ళుగా బైబిల్ చదువుతున్న క్రైస్తవుణ్ణి. 'నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు' అని నిర్గమకాండంలో స్పష్టంగా ఉంది. ఆ గ్రంథాన్నే పట్టుకుని ఒక రాజును దేవుడనడం ఎలా సాధ్యం? వాళ్ళు గ్రంథాన్ని నమ్ముతున్నట్టా, తమకు కావలసినట్టు వాడుకుంటున్నట్టా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: మీ ప్రశ్నలో ఉన్న రెండు దారులకూ మధ్య మూడోది ఒకటి ఉందని, రాస్తాలు నడిచేది ఆ దారినేనని నా అభిప్రాయం. వాళ్ళు గ్రంథాన్ని నమ్ముతారు, గ్రంథాన్ని తమకు అందించిన చేతిని నమ్మరు.

ఈ అపనమ్మకానికి ఆధారం లేకపోలేదు. వెస్టిండీస్‌లోని బానిసల కోసమని 1807లో లండన్‌లో ఒక సంక్షిప్త బైబిల్ అచ్చయింది. పాత నిబంధనలో పదింట సుమారు తొమ్మిది వంతులు దానిలో లేవు. యోసేపు ఐగుప్తుకు బానిసగా వెళ్ళిన కథ ఉంది. మోషే ఆ ఐగుప్తు నుంచి జనాన్ని విడిపించి తీసుకుపోయిన కథ లేదు. దాసులు యజమానులకు లోబడాలన్న పౌలు మాటలు మాత్రం భద్రంగా ఉన్నాయి. అయినా పూర్తి బైబిల్ బాప్టిస్టు సంఘాల ద్వారా బానిసల చెవిన పడుతూనే వచ్చింది. 1831 క్రిస్మస్ నాటి పెద్ద తిరుగుబాటుకు నాయకుడు శామ్ షార్ప్ బాప్టిస్టు సంఘంలో డీకన్. ఆయనను మరుసటి ఏడు ఉరితీశారు. అంటే ఆ దీవిలో ఒకే గ్రంథాన్ని దొర ఒక రకంగా, బానిస ఇంకొక రకంగా చదవడం రాస్తాలకు వందేళ్ళ ముందే మొదలైంది. వాళ్ళు ఆ రెండో చదువుకు వారసులు.

ఆ చదువు ఎలా ఉంటుందో చూడండి. మనలో చాలామందికి ఇశ్రాయేలీయులు తమ సీయోను (యెరూషలేము) విడిచి బబులోను రాజ్యానికి బందీలుగా పోయిన చెర ఎప్పుడో జరిగిన చరిత్ర. దాని నుంచి మనం నీతి తీసుకుంటాం. రాస్తాకు అది తన ఇంటి కథ. ఓడలో సంకెళ్ళతో వచ్చినవాళ్ళే ఇశ్రాయేలీయులు. బబులోను అంటే వాళ్ళను పట్టుకొచ్చిన వ్యవస్థ, దాని పోలీసు, దాని బ్యాంకు, దాని చర్చి. సీయోను అంటే ఆఫ్రికా, అందులోనూ ఇథియోపియా. 'బబులోను నదులయొద్ద కూర్చుండి' సీయోనును తలుచుకుని ఏడ్చిన 137వ కీర్తన జమైకా సంగీతంలో అంత బలంగా నాటుకోవడానికి కారణం ఇదే. వీధిలో పోలీసు జీపు కనబడితే 'బబులోను వస్తోంది' అనడం అక్కడ ఉపమానం కాదు, మామూలు మాట.

మరొక ఉదాహరణ 68వ కీర్తన, 31వ వచనం. ఐగుప్తులో నుంచి ప్రధానులు వస్తారనీ, ఇథియోపియా త్వరలో దేవుని వైపు చేతులు చాస్తుందనీ వాళ్ళు వాడే కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్‌లో ఉంది. (మన తెలుగు బైబిల్‌లో వెతికితే అక్కడ కూషీయులన్న పేరు కనిపిస్తుంది.) రాస్తాల సమావేశ ప్రార్థన ఈ వచనంతోనే ఆరంభమవుతుంది, అయితే రెండు మార్పులతో. రాకుమారులతో పాటు రాకుమార్తెలు కూడా వస్తారని చేర్చారు. 'త్వరలో' అన్న చోట 'ఇప్పుడు' అంటారు. ఆ ప్రార్థనే ముందుకు సాగి, ఆకలిగొన్నవారికి అన్నం, రోగులకు పోషణ, వృద్ధులకు రక్షణ, పసిపిల్లలకు సంరక్షణ దొరకాలని అడుగుతుంది. గ్రంథాన్ని తిరస్కరించేవాడు దానిని కంఠస్థం చేయడు. గ్రంథానికి పూర్తిగా లొంగినవాడు దాని క్రియాకాలాన్ని మార్చే సాహసం చేయడు. వాళ్ళు రెండూ చేస్తారు.

ఈ స్వేచ్ఛకు హద్దు ఎవరు గీస్తారని మీరు అడగవచ్చు. పోపు లేడు, బిషప్పు లేడు, వేదాంత కళాశాల లేదు. ఉన్నది 'రీజనింగ్' అని పిలిచే కూర్చోవడం. నలుగురైదుగురు చుట్టూ కూర్చుంటారు. ఒకరు ఒక అధ్యాయం తెరిచి చదువుతారు. ఆనాటి పత్రికలోని వార్తో, ఊళ్ళో జరిగిన సంగతో దాని పక్కన పెడతారు. ఒకరి మాటను ఇంకొకరు పట్టుకుని నిలదీస్తారు. తీర్పుకు ఓటు ఉండదు, రాత్రి గడిచిపోవచ్చు. అక్కడ తరచుగా వినిపించే మాట షేబ రాణిది. సొలొమోను వైభవాన్ని కళ్ళారా చూసి, 'సగమైనా నాకు చెప్పలేదు' అని ఆమె అన్నట్టు మొదటి రాజుల గ్రంథం పదో అధ్యాయంలో ఉంది. చేతిలో ఉన్న పుస్తకం నిజమే, కానీ సగమే, మిగతా సగం దాచారు అన్నది రాస్తాల స్థిర విశ్వాసం.

ఆ మిగతా సగం కోసం ఇతర గ్రంథాలు వెతికారు. సొలొమోనుకూ షేబ రాణికీ పుట్టిన మెనెలిక్ నిబంధన మందసాన్ని (పది ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టెను) ఇథియోపియాకు తెచ్చాడని చెప్పే, ఆ దేశపు ప్రాచీన భాష గీజ్‌లోని పద్నాలుగో శతాబ్దపు గ్రంథం 'కెబ్రా నగస్త్' అందులో ప్రధానమైనది. ఇథియోపియా సనాతన (ఆర్థడాక్స్) క్రైస్తవ సంఘపు బైబిల్‌లో 81 పుస్తకాలు ఉన్నాయి. హనోకు గ్రంథం మొత్తంగా మిగిలింది గీజ్ భాషలోనే. ఇవి తెలిసినప్పుడు 'మా అనుమానం నిజమే' అని వాళ్ళకు అనిపించడంలో వింత లేదు. అంగ్విలాకు చెందిన రాబర్ట్ అథ్లై రోజర్స్ 1924లో వెలువరించిన 'హోలీ పైబీ' తొలి రాస్తాలపై ప్రభావం చూపింది. హైలే సెలాసీ ప్రసంగాలనూ కొందరు గ్రంథంతో సమానంగా చదువుతారు. 1963లో ఐక్యరాజ్యసమితిలో జాతి వివక్షపై ఆయన చేసిన ప్రసంగ భాగాన్నే మార్లీ 1976లో పాటగా మార్చాడు.

ఇక మీ అసలు ప్రశ్న, వేరొక దేవుడి సంగతి. వాళ్ళ దృష్టిలో హైలే సెలాసీ వేరొక దేవుడు కాడు. వాళ్ళు 'జా' అని పిలిచే ఆ ఒక్క దేవుడే మళ్ళీ మనిషిగా వచ్చిన రూపం. దేవుడు ఒకసారి వడ్రంగి ఇంట పుట్టాడని నమ్మే మీరు, మరొకసారి రాజగృహంలో పుట్టాడంటే ఎందుకు తప్పుపడతారు అన్నది వాళ్ళ ఎదురు ప్రశ్న. మీరు దీన్ని ఒప్పుకోనక్కరలేదు. నేను కూడా 68వ కీర్తనకూ 1930 నాటి పట్టాభిషేకానికీ చారిత్రకంగా సంబంధం ఉందని అనుకోవడం లేదు. కానీ పాత వచనాన్ని కొత్త మనిషికి అన్వయించే పద్ధతి వాళ్ళు కనిపెట్టింది కాదు, సువార్తలు రాసినవాళ్ళు కూడా ప్రవక్తల మాటలను ఆ పద్ధతిలోనే చదివారు.

ప్రశ్న: జుట్టు జడలు కట్టించుకోవడం, ఉప్పు లేని కూర తినడం, ఇవన్నీ గ్రంథంలో చెప్పినవేనా, ఫ్యాషనా? ఆడవాళ్ళకు కూడా ఇవే నియమాలా?
— ఒక గృహిణి, హైదరాబాదు

జవాబు: ఫ్యాషన్‌గా చేసేవారు లక్షల్లో ఉంటారు, వాళ్ళ సంగతి వదిలేద్దాం. రాస్తాలకు మాత్రం 'లివిటీ' అనే మాట ఉంది. మనిషి తినేది, కట్టేది, మాట్లాడేది, తోటివాడితో మెలిగేది అంతా కలిపి ఆ మాటలో ఇముడుతుంది. ఏం నమ్ముతావని వాళ్ళు పెద్దగా అడగరు. ఎలా బతుకుతున్నావని చూస్తారు.

జుట్టుకు ఆధారం సంఖ్యాకాండం ఆరవ అధ్యాయం. దేవునికి నాజీరుగా మొక్కుకున్నవాడి తల మీద మంగలి కత్తి పడకూడదనీ, అతడు ద్రాక్షరసం ముట్టకూడదనీ, శవం దగ్గరకు పోకూడదనీ అక్కడ ఉంది. తిరుమలకు మొక్కుకుని జుట్టు పెంచి, కొండకు వెళ్ళి సమర్పించే మనవాళ్ళకు మొక్కుకూ జుట్టుకూ ఉన్న ముడి కొత్త కాదు. తేడా ఏమిటంటే రాస్తా మొక్కులో తీసి ఇవ్వడం లేదు, బతికినంతకాలం ఉంచుకోవడమే ఉంది. చాలామంది రాస్తాలు మద్యానికీ, చావు ఇళ్ళకూ దూరంగా ఉండటం ఈ అధ్యాయం వల్లనే. జుట్టు విషయంలో వాళ్ళు పడ్డ బాధ చిన్నది కాదు. 1963 ఏప్రిల్‌లో కోరల్ గార్డెన్స్ దగ్గర ఒక గొడవ జరిగాక, పశ్చిమ జమైకాలో కనబడిన రాస్తానల్లా పోలీసులు పట్టుకుని కొట్టారు, జుట్టు కత్తిరించారు. ఆ దౌర్జన్యానికి జమైకా ప్రభుత్వం 2017లో అధికారికంగా క్షమాపణ చెప్పింది.

తిండికి 'ఐటల్' అని పేరు. విత్తనాలిచ్చే మొక్కలనూ, పండ్ల చెట్లనూ ఆహారంగా ఇచ్చానని ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు అన్న మాట, లేవీయకాండం పదకొండులో పంది మాంసంపై ఉన్న నిషేధం దీనికి మూలాలు. మట్టికుండలో కొబ్బరి పాలు కాగుతుంటాయి. అందులో గుమ్మడి, పెండలం, పచ్చి అరటికాయ, ఎర్ర చిక్కుడు గింజలు పడతాయి. మన తోటకూర జాతికే చెందిన 'కలాలూ' ఆకు చివరలో వేస్తారు. ఉల్లికాడలు, థైమ్ రెమ్మలు, గింజ బయటికి రాకుండా చిట్లకుండా వేసిన ఒక మంట మిరపకాయ రుచిని ఇస్తాయి. ఉప్పు వేయరు, డబ్బాలో వచ్చిన సరుకు ముట్టరు. కొందరు పూర్తి శాకాహారులు, కొందరు చిన్న చేపలు తింటారు. మాంసం తినేవారు కూడా లేకపోలేదు, పంది మాత్రం ఎవరూ తినరు.

మీ చివరి ప్రశ్నకు జవాబు అంత ఆనందం కలిగించదు. రాస్తా స్త్రీలు ప్రార్థనలో తల కప్పుకోవాలి, దానికి పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికను చూపిస్తారు. బోబో అశాంతి శాఖలో నెలసరి రోజుల్లో స్త్రీని వేరుగా ఉంచడం లేవీయకాండం పదిహేను ప్రకారం జరుగుతుంది. ఇటువంటి ఆచారం గురించి మన పాఠకురాళ్ళకు నేను వివరించనక్కరలేదు. బబులోను రాసిన చట్టాలను అన్ని వైపుల నుంచీ నిలదీసిన పురుషులు ఈ ఒక్క చోట మాత్రం అక్షరం తప్పకుండా గ్రంథాన్ని పాటించడం నాకు అనుకూలమైన భక్తిలాగే కనిపిస్తుంది. 1970ల నుంచి రాస్తా స్త్రీలే ఈ మాట ఎత్తుతూ వచ్చారు, కొన్ని చోట్ల కట్టుబాట్లు సడలాయి కూడా.

ప్రశ్న: మా ప్రాంతంలో గంజాయికి పిల్లలు పాడైపోతున్నారు. అడిగితే 'ఇది ఒక మతంలో పవిత్రం' అని నా కొడుకే వాదించాడు. ఇందులో నిజమెంత?
— ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: మీ అబ్బాయి చెప్పినది సగం నిజం. ఆ మొక్క జమైకాకు చేరిందే మన దేశం నుంచి. 1845 నుంచి 1917 వరకు సుమారు 36 వేల మంది భారతీయ కూలీలను ఒప్పందం మీద ఆ దీవికి తీసుకుపోయారు. వారిలో ఎక్కువమంది ఉత్తరాదివారు. గంజాయి, చిలుము వారితోనే వెళ్ళాయి. హౌవెల్ తన చిన్న పుస్తకాన్ని గంగూంగురు మరాగ్ అనే భారతీయ ధ్వని ఉన్న మారుపేరుతో వేశాడు. 1940లో ఆయన సెయింట్ కేథరిన్ కొండల్లో స్థాపించిన 'పినకిల్' అనే పల్లెలో గంజాయి సాగు ఉండేది, ఆ నెపంతోనే పోలీసులు పలుమార్లు దాడి చేసి 1954లో దానిని నేలమట్టం చేశారు.

రాస్తాలు దీనికి 104వ కీర్తనలో మనిషి కోసం మొలిపించిన మొక్కల ప్రస్తావననూ, ప్రకటన గ్రంథం చివరి అధ్యాయంలో 'జనములను స్వస్థపరచు' ఆకుల మాటనూ చూపిస్తారు. వచనాల్లో గంజాయి పేరు లేదని నేను చెప్పనక్కరలేదు. రీజనింగ్‌కు ముందు ప్రార్థన చెప్పి చిలుము చేతులు మారడం నిజమే. కానీ అసలు తాగని రాస్తాలు ఉన్నారు, తాగనందుకు ఎవరినీ వెలివేయరు. అదే మనిషి పంది మాంసం తిన్నాడంటే మాత్రం ముఖం చిట్లిస్తారు. మద్యమూ మాంసమూ మానకుండా, తెల్లవారి లేచి కీర్తన చదవకుండా, ఈ ఒక్కదానికే మతాన్ని అడ్డం పెట్టుకోవడాన్ని ముందుగా ఆక్షేపించేది రాస్తా పెద్దలే.

చట్టం మాట కూడా చెబుతాను. జమైకా 2015లో చట్టం సవరించి రాస్తాలకు మతపరమైన వాడకాన్ని అనుమతించింది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో అటువంటి మినహాయింపు ఏ మతానికీ లేదు. పట్టుబడితే కీర్తన వచనం కోర్టులో పనికిరాదు.

ప్రశ్న: దేవుడన్న ఆ చక్రవర్తి చనిపోయాడు కదా! ఆ తరువాత మతం ఎలా నిలిచింది?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: 1974 సెప్టెంబరులో సైనికులు ఆయనను పదవి నుంచి దించారు, 1975 ఆగస్టు 27న నిర్బంధంలోనే మరణించాడు. చాలామంది రాస్తాలు ఆ వార్తను బబులోను అబద్ధమనే కొట్టిపారేశారు. రాజభవనం నేల కింద ఆయన అవశేషాలు 1992లో దొరికినా, 2000 నవంబరులో అడిస్ అబాబాలో వాటికి సమాధి జరిగినా, ఆ కార్యక్రమానికి వెళ్ళిన రాస్తాలు కొద్దిమందే. దేహం పోయినా దైవం పోదన్నవారు కొందరు, అది ఆయన దేహమే కాదన్నవారు కొందరు.

నిజానికి ఇంతకంటే గట్టి చిక్కు చక్రవర్తి బతికి ఉండగానే వచ్చింది. ఆయన నిష్ఠగల సనాతన క్రైస్తవుడు. 1966 ఏప్రిల్ 21న ఆయన జమైకాకు వచ్చినప్పుడు విమానాశ్రయంలో కాపలాను తోసుకుని వేలాదిగా రాస్తాలు విమానం చుట్టూ చేరారు. మోర్టిమో ప్లానో అనే రాస్తా పెద్ద మెట్లు ఎక్కి, జనాన్ని సర్ది, ఆయనను కిందికి తీసుకురావలసి వచ్చింది. ఆ రోజును ఇప్పటికీ పండుగగా జరుపుకుంటారు. ఆ చక్రవర్తే 1970లో తన సంఘపు ధర్మాధికారిని జమైకాకు పంపాడు. రాస్తాలలో కొందరు క్రీస్తు పేరున బాప్తిస్మం తీసుకున్నారు. మార్లీ తన మరణానికి ఆరు నెలల ముందు, 1980 నవంబరులో, ఆ సంఘంలోనే బాప్తిస్మం పొందాడు. మిగిలినవారు 'దేవుడు తాను దేవుణ్ణని చాటుకోడు' అని తమ దారిన తాము సాగారు.

ప్రశ్న: ఎవరైనా రాస్తాలో చేరవచ్చా? దానికి దీక్ష వంటిది ఉందా?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అందరికీ ఒకే దీక్ష లేదు, ఎందుకంటే అందరికీ ఒకే సంఘం లేదు. 'నా తండ్రి యింట అనేక నివాసములు కలవు' అన్న యోహాను సువార్త మాటను బట్టి తమ శాఖలను వాళ్ళు నివాసాలనే అంటారు. డప్పుల సమావేశాలకు పేరుపడ్డ న్యాబింగి అన్నిటికంటే పాతది. 1958లో ప్రిన్స్ ఎమ్మాన్యుయేల్ స్థాపించిన బోబో అశాంతివారు బుల్ బే కొండ మీద తలపాగాలతో, శనివారపు విశ్రాంతి దినంతో కట్టుబాటుగా జీవిస్తారు. బయటివారు అక్కడ ఇమడటం కష్టం. మీలాంటివారికి తలుపు తెరిచేది 1968లో వెర్నన్ కారింగ్‌టన్ మొదలుపెట్టిన 'పన్నెండు గోత్రాలు' అనే శాఖ. వారు ఏ జాతివారినైనా చేర్చుకుంటారు, క్రీస్తును అంగీకరిస్తారు, జుట్టు పెంచి తీరాలని పట్టుబట్టరు. అక్కడ పుట్టిన నెలను బట్టి గోత్రం వస్తుంది. ఫిబ్రవరిలో పుట్టిన మార్లీది యోసేపు గోత్రం. చేరినవారు చేయవలసిన మొదటి పని ఆదికాండం మొదటి అధ్యాయం నుంచి ప్రకటన గ్రంథం చివరి అధ్యాయం వరకు రోజుకు ఒక అధ్యాయం చదవడం. బైబిల్‌లో 1,189 అధ్యాయాలు ఉన్నాయి కాబట్టి, మధ్యలో మానకపోతే మూడేళ్ళు దాటి మూడు నెలలు పడుతుంది.